నార, నీరు, నూనె

పెళ్లి భోజనాల పళ్లేనికి మనం పెడుతున్న షరతులు చూడండి. పొగలు కక్కే సాంబారు పోసినా అరగంట దాకా అడుగు మెత్తబడకూడదు. గారె పెడితే నూనె కిందికి దిగకూడదు. బఫేలో ఒంటిచేత్తో పట్టుకుంటే వంగకూడదు. తీరా తిని పారేశాక మాత్రం నాలుగు వానలకు నాని మట్టిలో కలిసిపోవాలి. లేదంటే కాగితం మిల్లుకు వెళ్లి, నీళ్లలో విడిపోయి, మళ్లీ అట్ట కావాలి. తింటున్నంతసేపూ నీళ్లను దరిచేరనివ్వకూడదు, తిన్న మరుక్షణం నుంచి నీళ్లకు లొంగిపోవాలి. ఒకే వస్తువును ఈ రెండూ అడుగుతున్నాం.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను దేశమంతటా నిషేధించారు. వాటి స్థానంలోకి చెరకు పిప్పి పళ్లేలు, గుజ్జు డబ్బాలు, కాగితం కప్పులు వచ్చాయి. అన్నిటి మీదా పచ్చని ఆకు బొమ్మే. లోపలి సంగతి మాత్రం ఒక్కోదానిది ఒక్కో రకం. ఆ తేడాలన్నీ తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: నీళ్లకూ నారకూ మధ్య తయారీదారులు ఏం పెట్టారు?

నార సంగతి ముందు చూద్దాం. 1838లో అన్సెల్మ్ పయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రకరకాల చెట్ల కలపను శుద్ధి చేస్తూ పోతే ఏ చెట్టుదైనా చివరికి ఒకే పదార్థం మిగులుతోందని కనిపెట్టాడు. అదే సెల్యులోజ్. గ్లూకోజ్ ముక్కలు వేల సంఖ్యలో వరసగా అతుక్కున్న గొలుసు అది. బియ్యంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే కానీ అతుక్కున్న తీరు వేరు. అన్నం మనకు అరగడానికీ గడ్డి అరగకపోవడానికీ ఆ తేడాయే కారణం. సెల్యులోజ్ గొలుసులో ప్రతి గ్లూకోజ్ ముక్కకూ మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. పక్కనున్న గొలుసులోని ఆక్సిజన్ దొరికితే వాటితో హైడ్రోజన్ బంధం కుదురుతుంది. నీటి అణువు దొరికినా కుదురుతుంది. నారకు ఆ విషయంలో పక్షపాతం లేదు, ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లతోనే.

గుజ్జు పళ్లెం తయారీ అంతా ఈ గుణం మీదే నడుస్తుంది. నారను నీళ్లలో కలిపి పలచటి గుజ్జు చేస్తారు. నూరు పాళ్లలో నార ఒక పాలు, మిగిలిందంతా నీళ్లే. అంటే 20 గ్రాముల పళ్లేనికి రెండు లీటర్ల నీళ్లు అచ్చులోంచి వెళ్లాలి (అవే నీళ్లను తిప్పి తిప్పి వాడతారు లెండి). సన్నని జల్లెడ బిగించిన అచ్చును ఆ గుజ్జులో ముంచి వెనకనుంచి గాలి లాగితే నీళ్లు కిందికి పోతాయి, నార జల్లెడ మీద పొరగా పేరుకుంటుంది. దాన్ని కాగుతున్న లోహపు అచ్చుల మధ్య నొక్కుతారు. ఆవిరై పోతున్న నీరు పోతూ పోతూ నారపోగులను ఒకదానివైపు ఒకటి లాక్కుంటుంది. నీళ్లు తప్పుకున్న చోట పోగుకు పోగే తోడు దొరికి బంధం పడుతుంది. జిగురు చుక్క కూడా అక్కర్లేదు. ఒక్కో హైడ్రోజన్ బంధం మామూలు రసాయన బంధంలో పదో వంతు బలం కూడా ఉండదు. కానీ గడ్డిపరకలు పేనిన మోకు ఏనుగును కట్టినట్టు, కోట్లకొద్దీ బంధాలు కలిసి పళ్లేన్ని బిర్రుగా నిలబెడతాయి.

ఈ పద్ధతి మనం అనుకున్నంత కొత్తదేం కాదు. అమెరికాలో మార్టిన్ కీస్ అనే ఆయన గుజ్జును అచ్చుపోసి పళ్లేలు చేసే యంత్రానికి 1900ల మొదట్లోనే పేటెంట్లు తీసుకున్నాడు. చెక్కపొరలు తీసే మిల్లులో పనివాళ్లు ఆ చెక్కపొరల మీదే భోజనం పెట్టుకు తినడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు.

నీళ్లు పోతే పడిన బంధం, నీళ్లు వస్తే విడిపోతుంది. పాత అట్టపెట్టెను మిల్లులో పెద్ద తొట్టెలో వేసి నీళ్లతో చిలికితే కాసేపట్లో మళ్లీ గుజ్జు అవుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించాలంటే రకాన్ని రకం ఏరాలి, రంగును రంగు ఏరాలి. కాగితానికి చన్నీళ్లూ చిలకడమూ చాలు. సాంబారుకు మెత్తబడటం, మిల్లులో గుజ్జు కావడం వేరువేరు గుణాలు కావు.

ఇక నార ఎక్కడిదన్న ప్రశ్న. చెరకు పిప్పి వ్యర్థం అని పళ్లేల డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ మాట చక్కెర మిల్లు ఇంజనీరు వింటే నవ్వుతాడు. టన్ను చెరకు ఆడితే 280 నుంచి 300 కిలోల దాకా తడి పిప్పి వస్తుంది. అది తిన్నగా బాయిలర్‌లోకి పోతుంది. మిల్లు నడిచేది ఆ ఆవిరితోనే. మిగిలితే కరెంటు చేసి గ్రిడ్‌కు అమ్ముతారు. పిప్పిని మనం పళ్లేలకు లాక్కుంటే బాయిలర్‌కు ఇంకేదో కావాలి. తమిళనాడు ప్రభుత్వం 1979లో కరూరు దగ్గర కాగితపురంలో టీఎన్‌పీఎల్ కాగితం మిల్లు పెట్టినప్పుడు ఈ చిక్కు ఎదురైంది. పిప్పితో వార్తాపత్రికల కాగితం చెయ్యాలని సంకల్పం. మీ పిప్పి మాకివ్వండి, బదులుగా బొగ్గో ఆవిరో మేమిస్తాం అని చక్కెర మిల్లులతో ఒప్పందాలు చేసుకున్నారు. చెట్టు మిగిలింది, బొగ్గు కాలింది. అది తప్పని అనను, ఆ రోజుల్లో కాగితానికి అడవి వెదురు నరికేవారు కనక నికరంగా మేలే జరిగి ఉండవచ్చు. కానీ వ్యర్థం నుంచి సంపద అని ఎవరైనా అంటే, ఆ వ్యర్థం నిన్నటిదాకా ఏం చేస్తుండేదని అడిగి తెలుసుకోవడం మంచిది.

పిప్పిలో అంతా నార కూడా కాదు. చెరకు గడ లోపల బెండులా ఉండే మెత్తటి కణజాలం దాదాపు మూడో వంతు. అది నీళ్లు తాగి ఉబ్బుతుందే తప్ప బలం ఇవ్వదు. ముందు దాన్ని వేరు చెయ్యాలి. తర్వాత లిగ్నిన్. మొక్క నిటారుగా నిలబడటానికి కణాల గోడల్లో నింపుకునే గట్టి పదార్థం ఇది. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కరిగి నల్లటి ద్రవంలో దిగిపోతుంది. పెద్ద మిల్లుల్లో ఈ నల్ల ద్రవాన్ని చిక్కబెట్టి, కాల్చి, సోడాను వెనక్కి తీసుకుంటారు. ఆ ఏర్పాటుకు పెట్టుబడి లేని చిన్న మిల్లులు ఒకప్పుడు దాన్ని వాగుల్లోకి వదిలేవి.

వరిగడ్డి పేరెత్తితే చాలా మందికి ఉత్సాహం వస్తుంది. కోతయంత్రాలు వచ్చాక పొలంలోనే తగలబెడుతున్న గడ్డి అంతా అట్టపెట్టెలయితే ఎంత బాగుండు! గడ్డితో కాగితం చెయ్యవచ్చని మథయస్ కూప్స్ 1800లోనే లండన్‌లో నిరూపించాడు. గడ్డి కాగితం మీద పుస్తకం అచ్చువేసి రాజుకు సమర్పించాడు. మిల్లు మాత్రం కొద్ది ఏళ్లకే దివాలా తీసింది. వరిగడ్డితో అసలు ఇబ్బంది సిలికా. పరక అంచు చేతికి కోసుకునేది దానివల్లే. వరిగడ్డి కాలిస్తే మిగిలే బూడిద పదిహేను నుంచి ఇరవై శాతం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ పాలు ఈ సిలికాయే. సోడాలో ఉడికించినప్పుడు అది కూడా కరిగి నల్ల ద్రవంలో కలుస్తుంది. ద్రవం చిక్కబడి గొట్టాల్లో కదలదు, గోడలకు పెచ్చులు కడుతుంది, సోడా వెనక్కి రాదు. పైగా గడ్డి ఏడాదిలో నాలుగు వారాల్లో వచ్చి పడుతుంది, మిల్లు పన్నెండు నెలలూ నడవాలి. వామి వేసి నిలవ ఉంచుదామంటే వానకు కుళ్లుతుంది. ఈలోగా పశువుల మేతకు కొనేవాడు మిల్లు కంటే మంచి ధర పెడతాడు.

అందుకే సారపాకలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న పెద్ద మిల్లులు ఎక్కువగా రైతుల పొలాల్లో పెరిగిన సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్రను నమ్ముకున్నాయి. ప్రకాశం, ఖమ్మం మెట్టపొలాల్లో కనిపించే సుబాబుల్ తోటల్లో చాలా భాగం చివరికి మందుల డబ్బా, సబ్బు పెట్టె అవుతుంది. కర్రను నిలవ చెయ్యవచ్చు, అవసరమైనప్పుడు కొట్టవచ్చు.

నీళ్ల పేచీకి మళ్లీ వద్దాం. దీన్ని మొక్కలు ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. ఆకు లోపలంతా తడి, నార. పైన క్యూటిన్ అనే పలచటి పొర, దాని మీద మైనం పూత. వాన చుక్క జారిపోతుంది, లోపలి తడి ఆవిరైపోదు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో అడ్డాకులను ఈనెలతో కుట్టినా, తెలంగాణలో మోదుగాకులతో విస్తరి కుట్టినా మనం వాడుకుంటున్నది ఆ మైనం పూతనే. పులుసు కారేది కుట్టు దగ్గరే కానీ ఆకులోంచి కాదు. అదే మొక్కను ఉడకబెట్టి, చిలికి, గుజ్జు చేసినప్పుడు మొదట పోయేది ఆ పూతే. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఈ పరిశ్రమ రెండు వందల ఏళ్లుగా తంటాలు పడుతోంది. ఇప్పుడు కొన్నిచోట్ల విస్తరాకుకే అడుగున ప్లాస్టిక్ పొర అంటించి నొక్కి అమ్ముతున్నారు. దాని గురించి ఏమనాలో నాకు తోచదు.

మొదటి ప్రయత్నం సిరా పాకకుండా ఉండటానికి జరిగింది. జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ 1807లో ఒక పద్ధతి ప్రకటించాడు. పైన్ చెట్ల బంకనుంచి తీసే రోజిన్‌ను పటికతో కలిపి గుజ్జులోనే వేస్తే నారకు పట్టుకుని, కాగితం తడిని త్వరగా పీల్చదు. చవక, తేలిక. ప్రపంచమంతా అందుకుంది. పటిక ఆమ్లగుణం ఉన్నదని, ఏళ్లు గడిచేకొద్దీ అది సెల్యులోజ్ గొలుసులనే తెంపుతుందని తర్వాత తెలిసింది. మన గ్రంథాలయాల్లో పాత తెలుగు పత్రికలు మడత పెడితే విరిగిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

తర్వాత సెలోఫేన్. స్విట్జర్లాండుకు చెందిన జాక్ బ్రాండెన్‌బర్గర్ వైన్ ఒలికినా మరక పడని బల్లగుడ్డ చెయ్యాలనుకున్నాడు. కరిగించిన సెల్యులోజ్‌ను గుడ్డ మీద చల్లితే గుడ్డ బిగుసుకుపోయింది కానీ పైనుంచి పారదర్శకమైన పొర ఊడి వచ్చింది. 1908 నాటికి దాన్ని యంత్రం మీద తయారుచేశాడు. అచ్చమైన మొక్కల సెల్యులోజ్, గాజులా మెరిసే రేపరు! తయారీలో కార్బన్ డైసల్ఫైడ్ అనే విషద్రవం వాడాలన్నది అలా ఉంచి, గాలిని, నూనెను బాగానే ఆపింది కానీ నీటి ఆవిరిని ఆపలేకపోయింది. మిఠాయిలు చెమ్మగిల్లేవి. 1927లో డూపాంట్ కంపెనీలో విలియం చార్చ్ నైట్రోసెల్యులోజ్, మైనం కలిపిన సన్నని వార్నిష్ పూసి ఆ లోపం పూడ్చాడు. ఆ పూతతోనే సెలోఫేన్ అమ్మకాలు ఊపందుకున్నాయి.

మూడో మార్గం మనం రోజూ చేత్తో పట్టుకునే కాగితం కప్పు. లోపల పాలిథిన్ పొర. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించారు. 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్లు పావుగంట ఉంచితే వంద మిల్లీలీటర్లలోకి దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయి. టీ కొట్టు దగ్గర కబుర్లకు పట్టే సమయం కూడా సుమారు అంతే. నేను కాగితం కప్పు మానేసి గాజు గ్లాసులో ఇచ్చే కొట్టు వెతుక్కోవడానికి ఈ లెక్కే కారణం. పాలిథిన్ బదులు మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ పూత వేసిన కప్పులు కూడా ఉన్నాయి. అది కుళ్లుతుంది నిజమే, కానీ దాదాపు 60 డిగ్రీల వేడి పుట్టే పారిశ్రామిక కంపోస్టు గుట్టలో. ఊరి బయట చెరువు గట్టున పడేస్తే ఏళ్ల తరబడి కప్పుగానే ఉంటుంది.

వీటన్నిటికంటే ఘోరం నూనె విషయంలో జరిగింది. నీళ్లను ఆపడానికి మైనం చాలు, నూనె మైనంలోంచి దూరిపోతుంది. రెండింటినీ ఒకేసారి తరిమేవి ఫ్లోరిన్ రసాయనాలు, పీఎఫ్ఏఎస్ అంటారు. వీటిని గుజ్జులోనే చిటికెడు కలిపితే పళ్లెం మీద నీళ్లూ నిలవవు, నెయ్యీ నిలవదు. అయితే కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం రసాయన శాస్త్రంలో అత్యంత గట్టి బంధాల్లో ఒకటి. దాన్ని తెంపగల సూక్ష్మజీవి మట్టిలో దాదాపు లేదు. పళ్లెం మూడు నెలల్లో ఎరువైతే, ఆ రసాయనం ఎరువుతోపాటు చేలోకి, చేలోంచి నీళ్లలోకి పోతుంది. కంపోస్టు అవుతుందని ముద్ర వేయించుకున్న గుజ్జు గిన్నెల్లోనే ఇవి బయటపడ్డాయి. అమెరికాలో ఆ ముద్ర ఇచ్చే బీపీఐ సంస్థ 2020లో ఫ్లోరిన్‌కు హద్దు పెట్టింది. అదే ఏడాది డెన్మార్క్ ఆహారం చుట్టే కాగితంలో వీటిని నిషేధించింది. నూనె ఆపడానికి కాగితానికి వేసే ఈ రసాయనాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఐరోపా సమాఖ్య కొత్త ప్యాకేజింగ్ నిబంధనల్లో 2026 ఆగస్టు 12 నుంచి వీటికి పరిమితులు పెట్టింది. పిప్పి పళ్లెం కొనే క్యాటరింగ్ వాళ్లు ఒక్క ప్రశ్న అడగవలసి వస్తే, ఇందులో పీఎఫ్ఏఎస్ ఉందా అనే అడగాలి. పళ్లెం దేనితో చేశారో దాని తర్వాత అడగవచ్చు.

నారనే నారకు కాపలా పెడితే? 1970ల చివర్లో అమెరికాలోని ఐటీటీ రేయోనియర్ ప్రయోగశాలలో టర్బాక్ అనే శాస్త్రవేత్త బృందం కలప గుజ్జును పాలను హోమోజనైజ్ చేసే యంత్రంలో పదేపదే తోసింది. నారపోగులు చీలి చీలి కంటికి కనిపించని తంతువులై, తెల్లటి జెల్లీ తయారైంది. ఇప్పుడు దీన్ని నానోసెల్యులోజ్ వర్గంలో చేరుస్తున్నారు. దీన్ని పలచగా ఆరబెడితే వచ్చే పొరలోంచి నూనె దిగదు, ఆక్సిజన్ కూడా దూరలేదు. చిప్స్ కరకరలాడాలన్నా, కాఫీపొడి వాసన నిలవాలన్నా ఆపవలసింది ఆక్సిజన్‌నే. అచ్చంగా నారే కనక మిల్లులో గుజ్జూ అవుతుంది. అంతా కుదిరింది అనుకునేలోగా పాత పేచీ. గాలిలో తేమ 70 శాతం దాటితే తంతువుల మధ్య నీళ్లు చేరి పొర ఉబ్బుతుంది, ఆక్సిజన్‌కు దారి దొరుకుతుంది. విశాఖలో వానాకాలం తేమ ఎంతో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ 2022లో ఐరోపాలో 8 వేల కాగితం సీసాలు పరీక్షకు వదిలింది. బయట అచ్చుపోసిన కలప నార, లోపల మాత్రం మొక్కల చక్కెరల నుంచి చేసిన పీఈఎఫ్ అనే ప్లాస్టిక్ తొడుగు. బీరును పట్టి ఉంచింది ఆ తొడుగే.

రీసైక్లింగ్‌కూ హద్దులున్నాయి. నారను ఆరబెట్టిన ప్రతిసారీ దాని గోడల్లోని సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. మళ్లీ నీళ్లలో వేసినా అన్నీ తెరుచుకోవు. పోగు మొదటంతగా ఉబ్బదు, వంగదు, పక్కపోగును హత్తుకోదు. చిలికినప్పుడల్లా కొంత తెగి పొట్టిదవుతుంది. అయిదారు సార్లు తిరిగేసరికి చాలా భాగం జల్లెడలోంచి జారిపోయే పొడి అవుతుంది. మొదలే పొడవైన నార అయితే ఎక్కువ తిరుగుతుంది. చలిదేశాల పైన్ కలప నార మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, పిప్పిదీ సుబాబుల్‌దీ అందులో సగం కూడా కష్టమే. కనక ఎక్కడో ఒకచోట కొత్త నార కలుస్తూనే ఉండాలి.

అసలు మన పళ్లెం మిల్లు దాకా వెళ్తుందా? పాతపేపర్లు కొనే అతను అట్టపెట్టెలు తూకం వేసుకుంటాడు, సాంబారు అంటిన పళ్లేన్ని ముట్టుకోడు. నూనె అంటిన నారకు బంధం పడదు కనక మిల్లూ తీసుకోదు. దాని చోటు తడిచెత్త బుట్ట. ఎరువుగా మారిందంటే చాలు, అంతకుమించి దాన్నుంచి ఆశించడం అత్యాశ. పునర్వినియోగం, కంపోస్టు రెండూ అవుతుందని ఒకే పళ్లెం మీద రాయడం కాగితం మీద నిజం, చెత్తబండి మీద అబద్ధం. భోజనానికైతే స్టీలు కంచానికి ఇంతవరకు పోటీ రాలేదు.

నార రాణించేది పొడి సరుకు దగ్గర. బియ్యం, పంచదార గోనెసంచుల్లో రావడం మనకు కొత్తకాదు. 1987 నాటి జనపనార చట్టం కింద ఆహారధాన్యాలకు గోనెసంచి తప్పనిసరి. నెల్లిమర్ల లాంటి మిల్లులు అలాంటి సంచుల మీదే బతికాయి. గుడ్ల అట్టను చూడండి. ముప్పై గుడ్లు పట్టే ఆ బూడిదరంగు అట్ట పాత కాగితం గుజ్జు తప్ప ఇంకేం కాదు. పూత లేదు, ఫ్లోరిన్ లేదు, ప్లాస్టిక్ లేదు. గుడ్డు తన పెంకును తానే తెచ్చుకుంటుంది కనక అట్టకు తడిని ఆపే పనే లేదు, గుద్దుకోకుండా పట్టుకుంటే చాలు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే అయినా ఈ అట్టను గొప్ప సాంకేతిక వస్తువుగా ఎవరూ లెక్కవెయ్యరు.

దీనికి పూర్తిగా ఎదురు కొస రొయ్యల పెట్టె. భీమవరం, కాకినాడ చుట్టుపక్కల ప్లాంట్లలో గడ్డకట్టించిన రొయ్యలు మైనం పూసిన అట్టపెట్టెల్లో సర్ది, వాటిని పెద్ద పెట్టెల్లో పెట్టి సముద్రం దాటిస్తారు. సున్నాకు 18 డిగ్రీల దిగువన వారాల తరబడి ఉండాలి, ఎక్కించి దించేటప్పుడు మంచు కరిగి కారినా అడుగు ఊడకూడదు. మామూలు అట్టపెట్టె తేమ 90 శాతం ఉన్న గాలిలోనే సగం బలం పోగొట్టుకుంటుంది, ఇక ఐసు నీళ్ల సంగతి చెప్పేదేముంది. మైనం ఆ పని బాగా చేస్తుంది. మిల్లు తొట్టెలో మాత్రం ముద్దలు కట్టి జల్లెడలకు, రోలర్లకు అంటుకుంటుంది. అందుకని అవతలి దేశంలో దిగాక ఆ పెట్టె పాత అట్టల గుట్టలోకి వెళ్లదు. మైనం బదులు నీటిలో చెదిరిన పాలిమర్‌ను పలచగా పూసే పద్ధతులు వచ్చాయి. ఆ పూత పెట్టె మీద ఉన్నంతకాలం చెమ్మను ఆపుతుంది, తొట్టెలో గట్టిగా చిలికితే చిన్న ముక్కలై నారను వదులుతుంది. ఇలాంటి పెట్టెలకు అమెరికా అట్టపెట్టెల పరిశ్రమ ఒక పరీక్ష పెట్టుకుంది. పూత వేసిన అట్టను వేడినీళ్లలో చిలికి, జల్లెడ పట్టి, ఆరబెట్టి తూచాలి. వేసిన బరువులో కనీసం 80 శాతం నారగా తిరిగి రావాలి. వచ్చిన నారతో మళ్లీ అట్ట చేసి, పూత లేని అట్టతో పక్కపక్కన పెట్టి బలం చూస్తారు. జారిపోతోందా, మరకలున్నాయా అని కూడా చూస్తారు. అన్నీ నెగ్గితేనే పెట్టె మీద రీసైక్లింగ్ గుర్తు వేసుకోనిస్తారు.